నల్ల కాగితంలో చిల్లు

నా జీవితంలో నేను గట్టిగా మాట్లాడింది ఒకే ఒక్క రోజు. ఆ రోజు ఏం జరిగిందో వింటే, మా అమ్మతో సహా ఎవరూ ఇక నన్ను "కాస్త నోరు విప్పవే" అని బతిమాలరు. ముప్పై నిమిషాలు నోరు విప్పినందుకు ఒక బడి పరువు, ఒక హెడ్మాస్టరు గుండె, ఒక అస్థిపంజరం మానం, మూడూ ఒక్కసారే బజారున పడ్డాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మా ఇల్లు. అక్కడినుంచి రెండు బస్సులు మారి, మాదాపూర్ అవతల రాళ్ల గుట్టల మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి వెళ్లేదాన్ని. చెప్పడం అనేది పెద్ద మాటే. నేను బోర్డుతో మాట్లాడేదాన్ని, పిల్లలు నా జడతో మాట్లాడేవాళ్లు. బస్సులో సైతం సరిపడా చిల్లర కండక్టరు చేతిలో పెట్టి, దిగాల్సిన స్టాపు పేరు పెదాలతో చూపించేదాన్ని. ఒకసారి ఆయన నన్ను మూగపిల్ల అనుకుని, జాలిపడి, ముందు సీటు ఖాళీ చేయించాడు. కూర్చున్నాను. కాదని చెప్పాలంటే మాట్లాడాలి కదండీ! ఆ నెలంతా ఆ బస్సులో మూగదానిగానే ప్రయాణం చేశాను. నా మాటలన్నీ డైరీలో ఉండేవి. అక్కడ నేను మహా వాగుడుకాయని.

బడి చుట్టూ అప్పుడు భూమి మొత్తం తవ్వుతున్నారు. మా తరగతి కిటికీ పడమటి వైపుకి ఉండేది. అందులోంచి చూస్తే పది గజాల్లో బడి గేటు, గేటు దాటగానే రోడ్డు పక్కన ఫోను తీగలకోసం తీస్తున్న పొడవాటి కందకం, దాని అవతల గేదెలు, గేదెల అవతల ఆకాశంలోకి లేస్తున్న ఒక గుండ్రటి గాజు భవనం, దాని నెత్తిన ఒక క్రేను. గేదెలకీ క్రేనుకీ అప్పటికింకా ఏ గొడవా లేదు.

బడికి తొమ్మిదో తరగతి వరకే అనుమతి ఉంది. పదో తరగతికి దరఖాస్తు పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, చూసి, సంతకం పెడితే వస్తుంది. పెట్టకపోతే మా తొమ్మిదో తరగతి పిల్లలు వేరే బడి వెతుక్కోవాలి. బస్సు చార్జీలున్న ఇళ్ల పిల్లలు వెతుక్కుంటారు. స్వరూపకి ఆ చార్జీలు లేవు. స్వరూప మొదటి బెంచీ పిల్ల. నేను బోర్డుతో మాట్లాడుతున్నా, పక్కకి వంగి నా మాటలు పట్టుకునేది. వాళ్ల అమ్మ ఆ కందకం పనిలోనే మట్టి మోసేది. "గీ బళ్లె పది లేకుంటె ఇగ మీ అమ్మతోనే పనికి పో" అని తండ్రి ముందే చెప్పేశాడట. ఆ మాట నాకు చెప్పిన రోజు స్వరూప ఏడవలేదు. నేను ఇంటికెళ్లి డైరీలో ఏడ్చాను.

ఇన్‌స్పెక్షన్ శుక్రవారం అన్నారు. మా బడిలో "సైన్సు లాబ్" అనే మాట గది తలుపు మీద ఉంది. గదిలో మాత్రం లేదు. హెడ్‌సారు కోటేశ్వరరావుగారు నన్ను పిలిచారు.

"వసుధమ్మా, లాబ్ సంగతి నాకొదిలెయ్. నిజాంపేటలో మా తోడల్లుడి స్కూలుంది. వాళ్ల లాబ్ మొత్తం పొద్దున్నే ఆటోలో ఎక్కించి తెస్తున్నా. నువ్వు మాత్రం ఒక్క పాఠం, ఇన్‌స్పెక్టరుగారి కళ్లు తిరిగిపోయేలా చెప్పాలి."

"అలాగే సార్."

"ఏంటమ్మా?"

"అలాగే సార్."

"కాస్త గట్టిగా..."

తల ఊపాను. అది ఆయనకి వినపడింది.

కళ్లు తిరిగే పాఠం నా దగ్గర ఒకటుంది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగెయ్యడం నాకున్న ఏకైక వ్యసనం. అక్కడ దొరికిన అట్టలేని ప్రయోగాల పుస్తకంలో చదివాను: గది మొత్తం చీకటి చేసి, కిటికీకి నల్ల కాగితం అంటించి, దానికి ఒక చిన్న చిల్లు పెడితే, బయటి లోకమంతా ఎదురు గోడ మీద తలకిందులుగా వచ్చి పడుతుందట. గదే కెమెరా అవుతుందట. మనం కెమెరా లోపల కూర్చుంటామట. ఆ "అట"లన్నీ చదివి నాకు ఒళ్లు పులకరించింది.

గురువారం బడి వదిలాక నల్ల డ్రాయింగ్ షీట్లు, మైదా జిగురు పెట్టుకుని కిటికీలు మూసేశాను. తలుపు సందుల్లో గోనెలు కుక్కాను. రూపాయి బిళ్లంత చిల్లు పెట్టాను. సాయంత్రపు ఎండ తిన్నగా చిల్లులోంచి దూరి గోడ మీద ఒక వెలుగు చుక్క పెట్టి ఊరుకుంది. గేదె లేదు, భవనం లేదు. పుస్తకం అబద్ధమాడిందా, చిల్లు అబద్ధమాడుతోందా తెలియలేదు. పొద్దున సూర్యుడు బడి వెనక్కి వెళ్లాక సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అంటే, చదువరులారా, ఒక్కసారైనా చూడని దాన్ని ఇన్‌స్పెక్టరుకి చూపించబోతున్నాను. నా తెలివికి అది మొదటి నమూనా.

రెండోది చూడండి. ఎదురు గోడ మీద బ్లాక్‌బోర్డు ఉంది. దాని మీద బొమ్మ కనపడదు కదా, అందుకని అమ్మ పెళ్లిళ్ల చుట్టాలకోసం దాచిన తెల్ల దుప్పటి అడక్కుండా తెచ్చాను. ఒక చివర మేకు నిలిచింది. రెండో మేకు గోడ పెచ్చుతో సహా నా చేతిలోకొచ్చింది. అటెండరు యాదయ్యకి చూపించాను.

"పరేషాన్ గాకు మేడం. మా బామ్మర్ది మల్లేశం ఉన్నడు. పొడుగు మనిషి. రేపు పొద్దుగాల పంపిస్త. గోడ లెక్క నిల్సుంటడు."

"మాట్లాడతాడా?" అన్నాను భయంగా.

"నోట్లె గుట్కా ఉంటది. ఏం మాట్లాడుతడు మేడం?"

అదీ సంగతి. పొడుగు మనిషి, మాట్లాడడు, నోట్లో గుట్కా. ఈ మూడు గుర్తులూ నా బుర్రలో మేకుల్లా దిగాయి. అవి మాత్రం ఊడిరాలేదు.

శుక్రవారం పది గంటలు. ఇన్‌స్పెక్టరుగారు పదకొండుకి వస్తారు. ముందు ఒకసారి పిల్లలతో చూసుకుందామని నలభై మందినీ లోపల కూర్చోబెట్టి తలుపులు వేశాను. చీకటి. నలభై మంది ఒక్కసారిగా కిచకిచలాడారు. ఎవరో పిల్లిలా అరిచారు. దుప్పటి ఒక పక్కకి వేలాడుతూ మడతలు పడి ఉంది. దాని మీద ఏవో మసక రంగులు నలిగిపోయి కనిపించాయి. సరిగ్గా అప్పుడు వెనక తలుపు బార్లా తెరుచుకుంది. ఎండ వరదలా వచ్చిపడింది. గుమ్మంలో వెలుగుకి అడ్డంగా ఒక పొడుగాటి మనిషి నీడలా నిలబడ్డాడు.

"తలుపు వెయ్యండి!" అన్నాను.

అన్నాను అంటే, అరిచాను. ఎవరు అరిచారా అని నేనే చుట్టూ చూశాను. చీకట్లో ముఖం కనపడకపోతే నాకు గొంతు ఉంటుందని ఇరవై మూడేళ్లకి కనిపెట్టాను.

ఆ మనిషి గబుక్కున తలుపు వేశాడు. "అమ్మా, నేను..."

"తెలుసండీ, యాదయ్య చెప్పాడు. నోట్లో గుట్కా ఉంటే బయట ఉమ్మేసి రండి."

"గుట్కానా? లేదమ్మా, నాకు అలవాటు..."

"లేకపోతే మరీ మంచిది. ఇలా వచ్చి ఈ చివర పట్టుకోండి. ఇంకా పైకి. గట్టిగా లాగండి. మీ తల అడ్డం వస్తోంది, కాస్త పక్కకి వంగండి. ఆఁ, అలాగే. ఇక కదలకండి."

ఆయన వంగాడు. దుప్పటి బిగిసింది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. అప్పుడు వచ్చింది.

ముందు నీలం వచ్చింది, కింద, మా కాళ్ల దగ్గర. ఆకాశం నేల మీద పరుచుకుంది. దానిలోకి గుండ్రటి గాజు భవనం చూరుకి వేలాడే ఉట్టిలా దిగింది. దాని అడుగున క్రేను. పైన, పైకప్పు దగ్గర, ఎర్రమట్టి రోడ్డు. రోడ్డుకి కాళ్లు అంటించుకుని గేదెలు నెమ్మదిగా వేలాడుతూ నడుస్తున్నాయి. తోకలు ఊపుతున్నాయి! బొమ్మ కాదండీ, అది జరుగుతోంది. ఒక మబ్బు ముక్క దుప్పటి అంచు దగ్గర తాపీగా పాకుతోంది. లెన్సు లేదు, కరెంటు లేదు, మైదా జిగురు తప్ప యంత్రమే లేదు. ఒక్క చిల్లులోంచి అంత లోకం, ఒకదాన్నొకటి తోసుకోకుండా, రంగు చెదరకుండా, చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చి కూర్చుంది. నలభై మంది పిల్లలు ఊపిరి తీయడం మానేశారు. పుస్తకంలో చదివిన నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. రోజూ ఈ వెలుగంతా ప్రతి చిల్లులోంచీ దూరి పోతూనే ఉందా? మనం చీకటి చెయ్యలేదు గనక చూడలేదా?

"ఏంది మేడం గిది?" అంది స్వరూప, గుడిలో మాట్లాడినట్టు.

"నిజంగనే తలకిందులు పడ్తదే!" అన్నాడు దుప్పటి మనిషి.

"మాట్లాడకండి. మీరు కదిలితే భవనం కూలిపోతుంది."

పిల్లలు గొల్లుమన్నారు. ఆయన ఊపిరి బిగబట్టాడు. భవనం నిలబడింది.

అక్కడినుంచి నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. వెలుగు తిన్నగా పోతుందనీ, పైనుంచి వచ్చేది చిల్లు దాటి కిందికీ, కింది నుంచి వచ్చేది పైకీ పోతుందనీ చెప్పాను. "వెలుగు ఎవరికీ వంగదు పిల్లలూ! ఇన్‌స్పెక్టరు వచ్చినా వంగదు!" అన్నాను. ఎంత ధైర్యం!

అంతలో దుప్పటి మీదికి ఒక ఆటో తలకిందులుగా వచ్చి ఆగింది. హెడ్‌సారు సఫారీ సూటులో, పొట్ట ఆకాశం వైపు వేలాడుతుండగా, నెత్తి కిందికి పెట్టి నడుస్తూ వచ్చారు. నల్ల కాగితం వెలుగుని ఆపుతుంది గానీ మాటల్ని ఆపదు. బయటి గొంతులు శుభ్రంగా వినిపిస్తున్నాయి.

"యాదయ్యా, జాగ్రత్త! ఒక్క ఎముక విరిగినా మా తోడల్లుడు నా ఎముక అడుగుతాడు!"

యాదయ్య ఆటోలోంచి కొత్త పెళ్లికూతుర్ని దింపినట్టు ఒక అస్థిపంజరాన్ని దింపాడు. దుప్పటి మీద దాని పుర్రె కింద, పాదాలు పైన.

"గీయనను ఏడ కూసోబెట్టాలె సార్?"

"లాబ్‌లో, కిటికీ పక్కన. గాజు సామానంతా బల్ల మీద సర్దు. వాటికి కాస్త మరకలు పెట్టు, వాడినట్టుండాలి."

"ఏం మరకలు సార్?"

"టీ పొయ్యవయ్యా! ఆగాగు, ముందు దీన్ని తిన్నగా పట్టుకో. ఇదే ఇన్‌స్పెక్టరుగారనుకో. దండ ఎలా పడుతుందో చూద్దాం." హెడ్‌సారు రెండడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని, "నమస్కారం సార్, మీ రాకతో మా బడి పావనమైంది!" అంటూ అస్థిపంజరం మెడలో బంతిపూల దండ వేశారు.

"మేడం, దండ మీదికి పడ్తున్నది!" అని అరిచాడు వెనక బెంచీ నర్సింగ్. "గా బొక్కలాయన మన బడికేనా?"

వెలుగులో అయితే నేను తల ఊపి ఊరుకునేదాన్ని. చీకట్లో నాకు సత్యం తన్నుకొచ్చింది. "కాదు. సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోతాడు. అదంతా అరువు. మన లాబ్‌లో ఉన్నవి ఒక గరాటు, మూడు విరిగిన బెంచీలు, ఒక పిల్లి. ఆ పిల్లి కూడా మనది కాదు."

"మరి మన లాబ్ ఏది మేడం?"

"ఇదే. ఈ చిల్లే."

"ఇన్‌స్పెక్టర్ సారుకు తెల్వదా, అది అరువు సామానని?"

"ఆయనకి సైన్సు తెలియక్కర్లేదు నాయనా. సంతకం చెయ్యడం తెలిస్తే చాలు."

దుప్పటి ఒక్కసారి అదిరింది. గేదెలు చెదిరిపోయాయి.

"చెయ్యి లాగుతోందా అండీ? ఇంకొంచెంసేపు ఓర్చుకోండి. తరవాత టీ ఇప్పిస్తాను. మరకలు పెట్టగా మిగిలితే."

ఆయన దుప్పటి మళ్లీ బిగించాడు. గుట్కా లేకపోయినా భలే నెమ్మది మనిషి అనుకున్నాను.

హెడ్‌సారూ అస్థిపంజరమూ దుప్పటి దాటిపోయారు. కందకం పక్కన ఆడవాళ్లు వరసగా మట్టి మోస్తున్నారు. స్వరూప లేచి దుప్పటి దగ్గరికి వచ్చింది. వద్దనలేదు. ఆమె వేలు పైకెత్తి ఒక ఆకుపచ్చ చీర దగ్గర ఆపింది. ఆ రంగు ఆమె గోరు మీద పడింది.

"మా అమ్మ," అంది. "నడక చూస్తె ఎరుకైంది."

అందరం చూశాం. తలకిందులైనందుకు అక్కడ అమ్మ తలమీద తట్ట లేదు. తట్ట మీద అమ్మ ఉంది. అంత బరువునీ తన కిందికి తోసేసి, ఆకాశానికి తల వేలాడేసి, ఒక అరచేయంత మనిషి నడిచి వెళుతోంది. స్వరూప ఆ అరచేయంత మనిషి వెంట వేలు జరుపుతూ దుప్పటి చివరిదాకా, అంటే ఆయన చేతిదాకా వెళ్లింది.

ఆయన మెల్లగా అడిగాడు. "వచ్చే ఏడు పది ఏడ చదువుతవు బిడ్డా?"

"ఇన్‌స్పెక్టర్ సారు సంతకం పెడ్తె ఈడనే మామా," అంది స్వరూప. ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టింది. "పెట్టకుంటె గాడ."

అప్పుడు దుప్పటి మీదికి గేటు తోసుకుంటూ ఇంకొక పొడుగాటి మనిషి తలకిందులుగా వచ్చాడు. బుగ్గ ఒక పక్కకి ఉబ్బి ఉంది. గోడ బయటినుంచి యాదయ్య గొంతు ఖంగుమంది.

"ఏందిరా మల్లేశం, గిప్పుడొస్తవా! మేడం దుప్పటి పట్టుకోనీకి ఎంతసేపటి సంది చూస్తున్నదో! ఫికరే లేదు నీకు!"

నేను దుప్పటి మీది మల్లేశాన్ని చూశాను. దుప్పటి చివరనున్న మనిషిని చూశాను. మళ్లీ మల్లేశాన్ని చూశాను. నా లెక్కలో ఒక పొడుగు మనిషి ఎక్కువయ్యాడు.

"మరి... మీరెవరండీ?" అన్నాను. నా పాత గొంతు అప్పటికే తిరిగి వచ్చేసింది. సగమే వినిపించి ఉంటుంది.

"సంతకం చేసుడు తెలిసినోణ్ణమ్మా," అన్నాడాయన.

నర్సింగ్ ఎందుకు తలుపు తీశాడో వాడికే తెలియాలి. వెలుగు వచ్చి భవనాన్నీ, గేదెల్నీ, ఆకుపచ్చ చీరనీ ఒక్క గుక్కలో తాగేసింది. ఖాళీ దుప్పటి మిగిలింది. దాని అంచు రెండు చేతులా పట్టుకుని, నెరిసిన మీసాలు, కళ్లజోడు, జేబులో రెండు పెన్నులు ఉన్న మనిషి ఇంకా వంగే నిలబడి ఉన్నాడు. కదలద్దన్నాను కదా! నేను బ్లాక్‌బోర్డు వైపు తిరిగి, దుప్పటి వెనక్కి దూరి, అక్కడే ఉండిపోయాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, అమ్మ దుప్పటి ఆ రోజు చేసిన రెండో ఉపకారం అది.

హెడ్‌సారు దండతో పరుగున వచ్చారు. "సార్! మీరెప్పుడొచ్చారు? ఎటునుంచొచ్చారు?"

"ముంగట రోడ్డంతా తవ్విన్రు గదండీ. స్కూటర్ చాయ్ హోటల్ కాడ పెట్టి గుట్ట వెనక నుంచి వచ్చిన."

"రండి సార్, ముందు మా లాబ్ చూద్దురుగాని. అస్థిపంజరం అదీ..."

"చూసిన్నండి. ఆటో దిగుతుంటెనే చూసిన. దండ బాగా కుదిరింది."

హెడ్‌సారు మొహం సుద్దముక్కలా అయింది. ఇన్‌స్పెక్టరుగారు ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు తనే వేసి, దుప్పటి చివర మళ్లీ తనే పట్టుకున్నారు. నేను ఇంకా దుప్పటి వెనకే ఉన్నాను. కాబట్టి లోకం నా మీదుగా పడింది. బయట ఆటో కదిలింది, గేదె తోక ఊపింది.

"ఇది... దేంతో చేశావమ్మా వసుధా?" అన్నారు హెడ్‌సారు, చిన్నపిల్లాడిలా.

"చిల్లుతో సార్," అన్నాను దుప్పటి వెనకనుంచి.

"ఇరవై ఏండ్లు నేను ఫిజిక్స్ చెప్పిన," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు చీకట్లో. "ప్రతి ఏడూ బోర్డు మీద ఒక కొవ్వొత్తి గీసిన, దాని పక్కన తలకిందుల కొవ్వొత్తి గీసిన. పిల్లలు రాసుకున్నరు, నేను మార్కులేసిన. ఒక్కనాడు చూడలే. ఇయ్యాల చూసిన. చేతులు గుంజుతున్నయ్ గానీ, చూసిన."

సంతకం పెట్టారు. రిపోర్టులో ఆయన రాసిన వాక్యాలు హెడ్‌సారు తరవాత నా చేత చదివించారు, గట్టిగా: "పదవ తరగతికి అనుమతి ఇవ్వవచ్చును. కొత్త విద్యా సంవత్సరము మొదలగులోగా సొంత లాబ్ సమకూర్చుకోవలెను. ప్రస్తుతము బడికి గల సొంత పరికరములు: చిల్లు, ఒకటి. బాగుగా పనిచేయుచున్నది."

లాబ్ వచ్చింది. స్వరూప పదో తరగతి మా బడిలోనే చదివింది, మొదటి బెంచీలోనే. మల్లేశం ఆ రోజు పని లేకుండానే టీ తాగి వెళ్లాడు. ఎండాకాలం సెలవుల్లో సున్నం వేసేవాళ్లు నల్ల కాగితం చింపి పారేశారు. జూన్‌లో హెడ్‌సారు సామాన్ల జాబితా పట్టుకుని నా దగ్గరికొచ్చి, "గరాటు ఉంది, బెంచీలున్నాయి. చిల్లు ఏదమ్మా? సర్కారు రికార్డులో ఉంది. నీ బాధ్యత" అన్నారు. ఇంకొకటి చేసి ఒప్పజెప్పాను. దాని చుట్టూ ఆయన తెల్ల పెయింటుతో బడి పేరు రాయించారు.

ఆ శుక్రవారం నా డైరీలో ఉన్న ప్రమాణం ఇది, ఒక్క అక్షరం మార్చకుండా: "నాలుగు గోడల సాక్షిగా, అందులో ఒకదాని మీద తలకిందులుగా వెలసిన లోకం సాక్షిగా, వసుధ అనబడే నేను ఇకమీదట చీకటి గదిలో ఏ మనిషి చేతికీ పేరు, హోదా, వచ్చిన దారి, నోట్లో గుట్కా ఉన్నదీ లేనిదీ విచారించకుండా దుప్పటి ఇవ్వను. ఒకవేళ ఇచ్చినా, ఆయన ముందు సంతకాల మాట ఎత్తను. అమ్మకి చెప్పకుండా దుప్పటి అసలే తీసుకెళ్లను."